మావాడు ఆమె పొయ్యి దగ్గర నవ్వేవాడు

పక్కింట్లో జొన్నరొట్టె చరిచే చప్పుడు వినబడితే ఈ వయసులోనూ నాకు కడుపు మండుతుంది. రొట్టెను చూసి అసూయపడేవాడు బీదర్ మొత్తంలో నేనొక్కడినే అయివుంటాను. నాలుగో తరగతిలో బడి మానేసినవాడి తెలివి ఇంతే అని నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మాది ఇంకా మైసూరు రాష్ట్రంగా ఉన్న రోజులవి. ఊళ్ళోనే చిద్రి పేటలో నాకొక సైకిల్ దుకాణం ఉండేది. పంక్చరుకు వచ్చినవాళ్ళు నా మాటలకు నవ్వుతూ, చక్రం బాగైనా కదిలేవారు కారు. ఒకసారి చెప్పిన హాస్యం రెండోసారి చెప్పననేది నా గొప్ప. అలాంటి నేను నా కొడుకును మాత్రం నవ్వించలేకపోయాను. నర్సింలుకు ఆరేళ్ళు నిండినా మాట రాలేదు, పిలిస్తే చూసేవాడు కాదు. బుద్ధి మెల్లగా ఎదుగుతుంది, ఓపిక పట్టమన్నాడు డాక్టరు.

ఒక మధ్యాహ్నం అన్నానికి వస్తుంటే పక్కింట్లోంచి పిల్లవాడి నవ్వు వినిపించింది. ఏ అదృష్టవంతుడి కొడుకో అనుకుంటూ తొంగిచూశాను. నా కొడుకే. పక్కింటి మాణికమ్మక్క పొయ్యి ముందు, ఆమె కూతురు శరణమ్మ పక్కన కూర్చున్నాడు. శరణమ్మా మావాడిలాంటిదే, కాకపోతే ఎదిగిన పిల్ల. అక్క ఒక రొట్టె చరిచి, పిండి అంటిన అరచెయ్యి వాళ్ళ ముందు పట్టేది. ఇద్దరూ దానిమీద ఒక్క దెబ్బ వేసేవారు. మళ్ళీ రొట్టె, మళ్ళీ చెయ్యి. అందులో నవ్వడానికేముందో నాకు అంతుపట్టలేదు. మావాడు మాత్రం విరగబడి నవ్వుతున్నాడు.

ఆ సాయంత్రం నుంచి కోడిలా కూశాను, మెడలో టైరు వేసుకుని గంతులేశాను, కావాలని సైకిల్ మీంచి పడ్డాను. వాడు చెవులు మూసుకున్నాడు. చివరికి వాణ్ని ఆ గడప తొక్కనివ్వొద్దని నా భార్య శాంతకు ఆజ్ఞ వేశాను. మూడోరోజు చూస్తే వాడు మధ్యగోడను అరచేత్తో ఒక్కటి కొట్టి, ఆగి, ఎదురుచూసి, మళ్ళీ కొడుతున్నాడు.

"వాడు నవ్వే జాగ ఒక్కటే ఉండె," అంది శాంత. "అది గూడ మూసినవ్."

నేనే వాణ్ని తీసుకెళ్ళి పొయ్యి ముందు కూర్చోబెట్టాను. మావాడికి ఏం మందు పెట్టావని అక్కను నవ్వుతూనే అడిగాను. గొంతు మాత్రం నవ్వలేదు.

"మందేం లేదు తమ్మీ. నువ్వు రోజుకొక కొత్తది చేస్తవ్. వాడు మొదటిది అందుకునేలోపల నువ్వు పదోదానికాడ ఉంటవ్. ఒక్కటే చెయ్యి. రోజు చెయ్యి."

దుకాణంలోంచి సైకిల్ పంపు తెచ్చాను. రోజూ వాడి అరచేతిలోకి ఒక్కసారి గాలి కొట్టి ఆగేవాణ్ని. రెండు నెలలు అదే హాస్యం, ఒక్క నవ్వూ లేదు. ఇంకొకరైతే దుకాణం మూసుకునేవారు. ఒకరోజు గాలి కొట్టి ఆగితే, వాడు చెయ్యి ఇంకాస్త ముందుకు జరిపి, నా మొహం చూసి నవ్వాడు.

చేతిలో పంపుతోనే అక్క దగ్గరికి పరిగెత్తాను. ఇక నీ రొట్టెలతో మాకు పనిలేదని ఎగతాళి కూడా చేశాను. ఇప్పుడు నర్సింలుకు గడ్డం నెరుస్తోంది. వాడి చేతిలోకి గాలి కొట్టని రోజు లేదు. చెయ్యి నొప్పెట్టి విసుగొచ్చినప్పుడల్లా, ఆ రోజు శరణమ్మ మూతి తుడుస్తూ అక్క నావైపు చూడకుండానే ఇచ్చిన జవాబు గుర్తుకొస్తుంది.

"సంబురపడు తమ్మీ. ఇగ వాడు చాలు అనేదాక కొట్టు. మా పిల్లకు ఇరవై ఏండ్లొచ్చినయ్, ఇంకా చాలు అనలే."