వాగు మధ్యలో ఆగిన ఇంజను

నాకు అరవై తొమ్మిది నిండిన వారమే మా మనవరాలు దీప్తి నన్ను వికారాబాద్ అడవిలో కార్ల ర్యాలీకి తీసుకెళ్లింది. రెండు రోజులు మట్టిదారుల్లో సాగే పోటీ. తను డ్రైవరు. చిక్కడపల్లి ఇంట్లో కరెంటు బిల్లు నుంచి పాల దాకా నేను లెక్క తప్పను కనుక, దూరం, సమయం చూసి చెప్పే పని నాది.

ఆ కారు పెట్రోలుతోనూ నడుస్తుంది, ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జి చేస్తే బ్యాటరీతోనూ నడుస్తుంది. దీప్తి బ్యాటరీ బటన్ నొక్కబోయినప్పుడల్లా నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇంట్ల ఫ్యాన్లు బంద్ చేసినట్టు ఇక్కడ గూడా పొదుపేనా, అమ్మమ్మా?"

"పెట్రోలైతే బంకుల పోయించుకోవచ్చు. అడవిల ప్లగ్గు యాడున్నదే?"

రెండో రోజు పొద్దున, పొగమంచులో వాగు దాటుతుండగా ఇంజను ఆగిపోయింది. నీళ్లు తలుపుల దాకా వచ్చాయి. ఎవరైనా తాడు కట్టి లాగితే పోటీ నుంచి తీసేస్తారు. దీప్తికి అది మొదటి ర్యాలీ. నేను కాళ్లు సీటు పైకి పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి ఏ చప్పుడూ లేదు. అవతలి ఒడ్డు మా వైపు తేలుతూ వస్తోంది. గట్టు మీది నెమలి బెదరనైనా లేదు.

"బ్యాటరీ మీద పోతున్నం. నువ్వు దాచిన ఛార్జే," అంది దీప్తి గుసగుసగా. "జర ఊపిరి తీస్కో, అమ్మమ్మా."

చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. అయినా ఎవరూ లాగకుండానే చేరాం.

ఇప్పుడు నారాయణగూడ సిగ్నల్ దగ్గర మా కారు ఇంజను దానంతటదే ఆగినప్పుడల్లా, అన్ని హారన్ల మధ్య, నేను మెల్లగా కాళ్లు పైకి పెట్టుకుంటాను.