బాతు కంప్యూటర్, బాబామియా రాత

గూడూరులో ఎవడు పుట్టినా, ఎవడు పోయినా, ఎవడు పార్టీ మారినా అందరికంటే ముందు తెలిసేది అకీల్‌కే. బస్టాండు ఎదురుగా అతనిది ఫ్లెక్సీ డిజైన్ల దుకాణం. వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తాడు, ఇంట్లో పెళ్లాం కూడా లెక్కచేయనివాణ్ణి ‘ప్రజల గుండెచప్పుడు’ చేసి పెడతాడు. ఫ్లెక్సీలు అచ్చు వేసే మెషిన్ మాత్రం మానుకోటలో ప్రకాశ్ దగ్గర ఉంది. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకుంటారు గానీ, నోటితో అందరూ అనేది మానుకోటే.

మనిషి మంచివాడు. రోగం ఒక్కటే, లినక్స్.

ఆ రోగం ఊరికే అంటుకోలేదు. ఒకప్పుడు అతని కంప్యూటర్లో కూడా అందరిలాగే దొంగ సాఫ్ట్‌వేర్లే ఉండేవి. ఎవడో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ దిగి, ఉన్న డిజైన్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమని తెర మీద ఇంగ్లీషులో రాసింది. అకీల్ లాటరీ తగిలిందనుకుని భార్య ముంతాజ్‌ను కేకేసి మరీ చూపించాడు. విషయం అర్థమయ్యాక రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పుడే హన్మకొండ మిత్రుడొకడు వచ్చి, ఇది ఉచితం, దొంగసొత్తు కాదు, వైరస్‌లు దీని గడప తొక్కవు అని చెప్పి లినక్స్ ఎక్కించిపోయాడు. దాని గుర్తు పెంగ్విన్. గూడూరు వాళ్లకు పెంగ్విన్‌తో ఎన్నడూ పని పడలేదు కాబట్టి దాన్ని బాతు అన్నారు. దుకాణానికి ‘బాతు కంప్యూటర్’ అని పేరు స్థిరపడింది.

కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలెక్కువ అంటారు కదా. ఆధార్ జిరాక్స్‌కు వచ్చిన ముసలమ్మను కూడా అకీల్ వదిలేవాడు కాదు.

“అవ్వా, గీ సాఫ్ట్‌వేర్ ఎవ్వని జాగీరు కాదు, అందరిది. నచ్చకుంటె నువ్వు గూడ మార్చుకోవచ్చు.”

“గా ఆధార్ల నా మొకం గూడ మార్తదా బిడ్డా?” అని ఆమె ఆశగా అడిగేది.

మొకం సంగతి దేవుడెరుగు, ముందు ప్రింటరు మాట వినాలి కదా. దానికి మనసైతే పనిచేసేది, లేకపోతే లేదు. అకీల్ నల్లటి తెర తెరిచి తెల్లటి అక్షరాలు టకటకా కొడుతుంటే, బల్లమీద కూర్చున్నవాళ్లు వీడేదో బ్యాంకుకు కన్నం వేస్తున్నాడని గుసగుసలాడేవారు. ముంతాజ్ ఇంట్లో అతన్ని దక్ఖనీ ఉర్దూలో తిట్టేది. దుకాణంలో మాత్రం తెలుగులో తిట్టేది, గిరాకీలకు కూడా అర్థం కావాలని.

అకీల్ తండ్రి బాబామియా గోడ రాతల పెయింటర్. గూడూరు నుంచి గంగారం దాకా సున్నం వేసిన గోడ కనిపిస్తే దాని మీద ఆయన రాత ఉండేది. పురుగుమందులు, ఓటు గుర్తులు, పెళ్లిళ్లప్పుడు ఇంటి ముందు గోడకు పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల పేర్లు, అన్నీ ఆయనే రాసేవాడు. ‘చిన్న కుటుంబం చింత లేని కుటుంబం’ అని మండలమంతా రాసి రాసి చేతులు కాయలు కాచాయి. ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఆరోవాడే అకీల్.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, గోడలు ఖాళీ అయ్యాయి. సొంత కొడుకే ఫ్లెక్సీ దుకాణం పెట్టాడు. బాబామియా అడ్డు చెప్పలేదు. దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, అప్పుడప్పుడు కొడుకు తెర వైపు చూసి, “అక్షరాలకు పానం లేదు రా” అనేవాడు. ఆయన పోయాక ఆ మాట అకీల్‌ను కుదురుగా బతకనివ్వలేదు. తండ్రి కూడు తీసింది తన దుకాణమేనని లోపల ఏడ్చేవాడు.

చివరికి ఒక పని మొదలుపెట్టాడు. ఊరూరా తిరిగి, కూలకుండా మిగిలిన గోడల మీద తండ్రి రాతలను ఫొటోలు తీశాడు. ఒక్కో అక్షరాన్ని తన ఉచిత సాఫ్ట్‌వేర్లతో గీసి గీసి ఫాంట్‌గా కట్టాడు. ‘ఝ’ ఏ గోడ మీదా దొరకలేదు. ఓట్లడిగేవాడికి, పురుగుమందు అమ్మేవాడికి ‘ఝ’తో ఏం పని? దాన్ని తండ్రి చేయి ఎలా తిరుగుతుందో ఊహించుకుని తనే గీశాడు. ఆ ఫాంట్‌కు ‘బాబామియా’ అని పేరు పెట్టి, ఎవరైనా తీసుకోండి, ఎవరైనా వాడుకోండి అని నెట్‌లో పెట్టాడు. ఎవరూ తీసుకోలేదు.

అంతలో సర్పంచ్ ఎన్నికల గాలి మొదలైంది. మాజీ సర్పంచ్ చంద్రయ్యకు పుట్టినరోజు గుర్తొచ్చింది. ఎన్నికలు లేని ఏడాది ఆయన ఎప్పుడూ పుట్టలేదు. మండలంలో ప్రతి చౌరస్తాలో తన ఫ్లెక్సీ నిలవాలన్నాడు. అకీల్ గుండె ఝల్లుమంది. తండ్రి రాత మళ్లీ చౌరస్తాల్లోకి రావాలంటే ఇదే అదను.

ముంతాజ్ అప్పుడే మాట తీసుకుంది. “ఏ జీ, ఇను. గీ పని సక్కగయిందా, నీ బాతుకు నేను గూడ సలాం కొడ్త. ఖరాబయిందా, ప్రకాశన్న ఇచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ పెట్టి నీ బాతును కోసుడే. అందరు వాడేదే మనం గూడ వాడాలె. మీ అబ్బా రాతలు గోడలకే ఉండని.”

“సరే,” అన్నాడు అకీల్. అంత ధీమా.

ఇక్కడ అకీల్ పనితీరు ఒకటి చెప్పాలి. పుట్టినరోజుకూ చావుకూ అతనిది ఒకటే ఫైలు. నడుమ గుండ్రంలో ఫొటో, దాని మీద పొరలు. ఒక పొరలో కేకు, బెలూన్లు. ఇంకో పొరలో పూలదండ, దీపం, ‘అశ్రునివాళి’. ఒక్కో పొర పక్కన కన్ను బొమ్మ ఉంటుంది. ఏ కన్ను మూస్తే ఆ పొర కనిపించదు. మనిషి బతుకంతా ఇంతే కదా అని వేదాంతం కూడా చెప్పేవాడు. ఎప్పుడూ ప్రకాశ్‌కు ఒట్టి బొమ్మే పంపేవాడు. ఈసారి మాత్రం తండ్రి అక్షరాలు పెద్ద సైజులో మసకబారకూడదని పొరలతో సహా ఫైలంతా, ఫాంటుతో కలిపి పంపాడు.

మానుకోటలో ప్రకాశ్ ఆ ఫైలును తన సాఫ్ట్‌వేర్లో తెరిచాడు. మూసిన కళ్లన్నీ తెరుచుకున్నాయి. ఎన్నికల రద్దీలో చదివే ఓపిక ఎవరికుంది? ఉన్నదున్నట్టు అచ్చు కొట్టేశాడు. చంద్రయ్య మనుషులు అటునుంచి అటే ఫ్లెక్సీ చుట్టలు మోసుకుపోయి చౌరస్తాలన్నిటా కట్టేశారు.

తెల్లారేసరికి గూడూరు మండలమంతా చంద్రయ్య మెడలో దండతో నవ్వుతున్నాడు. పైన ‘జన్మదిన శుభాకాంక్షలు’, కింద ‘అశ్రునివాళి’. ఇటు దీపం, అటు కేకు.

“కేకు కోసుకుంటనే పానం పోయినట్టుంది పాపం,” అని హోటల్ దగ్గర తేల్చేశారు.

చంద్రయ్య అక్క లచ్చవ్వది గంగారం. పొలం గట్టు పంచాయితీలో తమ్ముడితో చెడి, ఏళ్లుగా ఆ గడప తొక్కలేదు. ఆ పొద్దున గూడూరు దవాఖానకు వస్తూ ఆటోలోంచి ఫ్లెక్సీ చూసింది. దవాఖానను మరిచి, రొమ్ము బాదుకుంటూ తమ్ముడి ఇంటికి పోయింది. “ఓ తమ్మీ, నా సేతుల పెరిగినోడా, నాకంటె ముందుగాల్ల పోతివా” అని వాకిట్లో పడి ఏడుస్తుంటే, లుంగీ మీద చాయ్ తాగుతున్న చంద్రయ్య గ్లాసుతో సహా లేచి నిలబడ్డాడు. ఆమె ఓ క్షణం చూసి, చెప్పు తీసుకుని వెంటపడింది. తర్వాత పట్టుకుని మళ్లీ ఏడ్చింది.

కాసేపటికి అక్కాతమ్ముళ్లిద్దరూ దుకాణం ముందు దిగారు. అప్పటికే అకీల్ ప్రకాశ్‌కు ఫోన్ చేశాడు. “నువ్వు పంపిందే కొట్టిన భాయ్. మెషిన్‌కు సదువు రాదు, నాకు తీరిక లేదు” అన్నాడు ప్రకాశ్. ముంతాజ్ పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని కూర్చుంది. అకీల్ తల ఎత్తలేదు. బాతు పోతే పోయింది, తండ్రి రాతను నలుగురిలో నవ్వులపాలు చేశానని అతని బాధ.

“తప్పయింది చంద్రన్నా. కొట్టు, పడ్త.”

చంద్రయ్య నోరు తెరిచేలోపే లచ్చవ్వ ముందుకొచ్చింది. “గా ఫ్లెక్సీ రాసినోడెవ్వడు?”

“నేనే అవ్వా.”

“నువ్వు కాదు. ఫ్లెక్సీలల్ల అన్ని అబద్ధాలే ఉంటయ్, నేను దండలను నమ్మ, దీపాలను నమ్మ. నాకు సదువు రాదు గని గా చెయ్యి నాకెరుక. నా పెండ్లికి మా నాయిన ఇంటి గోడకు నా పేరు రాసింది గా చెయ్యే. బాబామియా రాసిండంటె నిజమే ఉంటదని ఏడ్సుకుంట వచ్చిన.”

“మా అబ్బా పోయి యేండ్లాయె గదా అవ్వా,” అన్నాడు అకీల్.

“ఏమో బిడ్డా. చెయ్యి కనవడ్డది. ఆయిన పోయిండన్నది యాదికి రాలె.”

అకీల్ అందరి ముందే భోరుమన్నాడు. చంద్రయ్య తిట్టాలని వచ్చినవాడు ఏం చేయాలో తోచక బల్ల మీద కూర్చున్నాడు. ముంతాజ్ కొంగుతో కళ్లు తుడుచుకుని, పెన్‌డ్రైవ్‌ను అరలోకి విసిరి, “ఇగ ఏడ్సుడు బంద్ చెయ్యి జీ, ముందుగాల్ల గా దండ తియ్యి” అని కసిరింది.

అకీల్ దండ పొర కన్ను మూశాడు. అంతటితో ఆగక ఆ పొరనే చెరిపేయబోతుంటే చంద్రయ్య చేయి పట్టుకున్నాడు.

“ఉంచు అకీలూ. ఎన్నడో ఒకనాడు అక్కరకొస్తది. గప్పుడు గూడ గీ రాతనే ఉండాలె. లేకుంటె మా అక్క నమ్మది.”