ఫైరింజను నిలబెట్టే చోటు

అరవై రెండేళ్లు నిండిన నెల, ఆఖరి రోజు సాయంత్రం, మావాళ్లు నాకు దండలేసి శాలువా కప్పారు. జీపులో కూర్చోబెట్టి, దానికి తాడు కట్టి స్టేషన్ గేటు దాకా చేతులతో లాగారు. కడప జిల్లాలో ఒక ఫైర్ స్టేషన్‌కు ఆఫీసర్ని నేను. ఆ పొద్దున కూడా గడ్డివాములు అంటుకుంటే మనుషుల్ని వెంటేసుకుని వెళ్లినవాణ్ని, సాయంత్రానికి పనికిరాకుండా ఎలా పోయానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఫైరయినా పోలీసయినా, రాష్ట్ర సర్వీసులో ఎవరికైనా అదే రూలు, అరవై రెండు నిండితే ఇంటికే. మోకాళ్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగరు. నిచ్చెన ఎక్కమని ఉంటే ఎక్కి చూపించేవాణ్ని.

అంతకుముందు ఆ వయసు అరవయ్యే. దాన్ని రెండేళ్లు పెంచినప్పుడు స్టేషనంతా మైసూర్‌పాక్ పంచాను. నా తర్వాత ఆ కుర్చీలోకి రావాల్సిన లీడింగ్ ఫైర్‌మన్ కూడా ఒక ముక్క తీసుకుని, మంచిదే సార్ అంటూ తిన్నాడు. వాడికి పని నేర్పింది నేనే.

ఇంట్లో నాకు కుదురు లేదు. సైరన్ వినబడితే అన్నం ముందు నుంచి లేచి గేటు దాకా వెళ్తాను. బండి ఏ రోడ్డు పట్టిందో చెవితోనే పోల్చుకుని, ఇంత ఆలస్యమా అని విసుక్కుంటూ వెనక్కి వస్తాను. ఫైరింజన్ని ఎప్పుడూ ముక్కు బయటికి ఉండేలా వెనక్కి పెట్టి నిలుపుతాం, పిలుపు రాగానే ఉరకడానికి. ఆ అలవాటు స్కూటర్‌కీ పాకింది, చెప్పులకీ పాకింది. నా భార్య మా మేనమామ కూతురే కాబట్టి వేళాకోళానికి వెనకాడదు. నీ చెప్పులకింకా రిటైర్మెంటు కాలేదే అంటుంది.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే. ఏటా ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి నాకు బందోబస్తు డ్యూటీ పడేది. నేను బండి దగ్గర నిలబడితే, ఆమె జనంలో ఒంటరిగా కూర్చుని చూసి వచ్చేది. ఈసారి పక్కన కూర్చోవాలంది. కూర్చుంటానని మాటిచ్చాను.

ఎండ మండుతుండగానే బయలుదేరాం. మేం చేరేసరికి ఇంకా బారికేడ్లు కట్టలేదు, జనమూ పలచగానే ఉన్నారు. స్కూటర్ పెట్టి, హ్యాండిల్ లాక్ చేసి, పందిట్లో మంచి చోటు చూసుకుని కూర్చున్నాం. ఆమె కొత్త చీర కట్టుకుంది. ముఖం పెళ్లివారింటికి వచ్చినట్టు వెలిగిపోతోంది.

పొద్దు వాలుతుండగా ఫైరింజను వచ్చింది. నా కళ్లు ఇక దాని మీదే. పందిరికి ఎడమపక్క గోడ వారగా, నీళ్ల తొట్టికి దగ్గరగా, రోడ్డుకు నేరుగా ఉన్న చోటు ఒకటుంది. ఏటా నేను నిలిపింది అక్కడే. వీళ్లేమో అంత దూరాన చెట్టు కింద ఆపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను దిగిపోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే నేర్పింది గాలికి పోయిందా? పందిట్లో ఎన్ని తీగలు, ఎన్ని దీపాలు! లోపల, చెప్పొద్దూ, కాస్త సంబరంగా కూడా ఉంది. నేను లేకపోతే ఇంతే అనుకున్నాను.

లేవబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. "యాడికి పోతాండావు? ఈ ఒక్క పొద్దయినా కూచో."

ఇప్పుడే వస్తానని విడిపించుకున్నాను.

కొత్త ఆఫీసర్, నేను పని నేర్పిన ఆ లీడింగ్ ఫైర్‌మనే, నన్ను చూసి అలవాటుగా సెల్యూట్ కొట్టాడు. మెడ దగ్గర యూనిఫాం చెమటకు తడిసిపోయి ఉంది. నేను కుశలమైనా అడగకుండా, బండి ఇక్కడెందుకు పెట్టావని గదమాయించాను. అతను తల దించుకున్నాడు. పక్కనున్న డ్రైవరు ఇంకో వైపు చూశాడు.

"మీరు చెప్పిన చోటే పెట్టాలని వచ్చినాం సార్. ఆడ మీ స్కూటర్ ఉండాది," అన్నాడు.

తిరిగి చూశాను. గోడ వారగా, ముక్కు బయటికి పెట్టుకుని, నా స్కూటర్ ఠీవిగా నిలబడి ఉంది. ఏటా ఫైరింజను నిలిపే చోటని చేతులు వాటంతటవే అక్కడికి తిప్పేశాయి కాబోలు, ఆలోచించిన గుర్తే లేదు.

వేరేవాళ్లదైతే ఎత్తి పక్కన పెట్టించేవాణ్నని, మీదని తెలిసి మావాళ్లెవరూ చెయ్యి వేయలేదని మెల్లగా చెప్పాడు. "మిమ్మల్ని పిలిపిస్తే బాగుండదని, మీరే వచ్చి తీస్తారని చూస్తాండా సార్."

ఆ గొంతులో కోపం లేదు. మైసూర్‌పాక్ తిన్నప్పుడూ ఆ గొంతు ఇలాగే ఉంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. వెళ్లి హ్యాండిల్ లాక్ తీశాను.

స్కూటర్ని జనంలోంచి తోసుకుంటూ, అందరి బండ్లూ ఉన్న పొలం దాకా పోయి ఒక మూల పెట్టాను. వెనక ఫైరింజను స్టార్టయిన చప్పుడు, వెనక్కి రా, వెనక్కి రా అంటూ అతని కేక వినిపించాయి. నేను నేర్పినట్టే ఉంది. నేను ఆగి చూడలేదు.

నేను తిరిగొచ్చేసరికి మేళాలు మొదలయ్యాయి. ఆమె నాకోసం పక్కన చీర కొంగు పరిచి చోటు కాచుకుని ఉంది. యాడికి పోయినావని అడిగింది.

"ఫైరింజనుకు ఒక బండి అడ్డముంటే తీసి వచ్చినా."

"ఎవురిది?"

"నాదే," అని కూర్చున్నాను.