తాతగారి నోట్‌బుక్‌లో నా డెసిషన్

అడగకముందే మన అక్కర ఎరిగిన దేవునికి స్తోత్రం. మనం తికమకగా చేసిన మనవుల్ని కూడా సరిచేసి వినే ఆయనకు మరొక్కసారి స్తోత్రం. ఈ రెండో మాట ఎందుకన్నానో చెప్పాలంటే నాకు పదిహేడేళ్ళప్పటి సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో అమెరికాలోని షాంటిలీలో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. అమెరికన్ల ఆరాధన ముగిసి, వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే, అదే హాల్లో మధ్యాహ్నం రెండింటికి మేం మొదలుపెట్టేవాళ్ళం (రెండింటికి అని వారం వారం పంచే బులెటిన్‌లో ఉండేది). నాకు భక్తి లేదని కాదు. బైబిలు కంఠత వాక్యాల పోటీలో ప్రతి ఏడూ మొదటి బహుమతి నాదే. కాకపోతే ఆ ఏడాది నా నిరీక్షణలో ముప్పాతిక భాగం పరలోకం మీద కాక, ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ మీద ఉండేది. నాన్న వీసాకీ, సొంత రాష్ట్రం పిల్లలకుండే తక్కువ ఇన్-స్టేట్ ఫీజుకీ, అమ్మ బెంగకీ సరిపడే చోటు అదొక్కటే. అందులో సీటు దొరకడం మాత్రం మహా కష్టం.

అందుకని ఎర్లీ డెసిషన్ కింద అప్లై చేశాను. అంటే అందరికంటే ముందు అప్లికేషన్ పంపి, డిసెంబరులోనే జవాబు తెలుసుకుని, సీటిస్తే మారు మాట్లాడకుండా చేరిపోవాలి. పంపిన రోజునే, ఎవరికీ చెప్పకుండా, దేవునితో కూడా ఒక ఒప్పందం చేసుకున్నాను: సీటిస్తే బాప్తిస్మం తీసుకుంటాను. (నా ఈడు పిల్లలంతా అప్పటికే తీసుకున్నారు. నేను మాత్రం ఈ పరీక్ష అయ్యాక, ఆ వ్యాసం రాశాక అంటూ రెండేళ్ళు నెట్టుకొచ్చాను.)

మా సంఘంలో నోట్‌బుక్ తాతగారని ఒక పెద్దాయన ఉండేవారు. గుంటూరులో లెక్కల మాస్టారుగా రిటైరై, కూతురి దగ్గరికొచ్చి ఉండిపోయారు. ఎవరు ప్రార్థన మనవి చెప్పినా రూళ్ళ నోట్‌బుక్‌లో రాసుకుని, అది నెరవేరేదాకా రోజూ ప్రార్థించి, నెరవేరాక పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవారు. నవంబరులో ఒక ఆదివారం అమ్మ మైకు తీసుకుని, మా అమ్మాయి డెసిషన్ కోసం అందరూ ప్రార్థన చేయండి అంది. యూనివర్సిటీ అనే మాట అనలేదు. హైస్కూలు చివరి ఏడాది పిల్లలున్న ఇళ్ళలో ఆ మాట వేరే అనక్కర్లేదు. తర్వాత టీ దగ్గర తాతగారు, తొందరపడటం లేదు కదా అని అమ్మను వాకబు చేశారట. "ఎర్లీ అయితేనే మంచిదండీ. కాకపోతే బైండింగు. ఒకసారి తీసుకున్నాక ఇంక వెనక్కెళ్ళడానికి లేదు" అని అమ్మ చెప్పింది. ఆయన కళ్ళు చెమర్చాయట. "నాగటి మీద చెయ్యి వేశాక వెనక్కి చూడకూడదు తల్లీ" అన్నారట. ఇక్కడి అడ్మిషన్ల సంగతి కూడా పెద్దాయన ఎంత లోతుగా పట్టుకున్నారోనని అమ్మ కారులో దారి పొడుగునా మెచ్చుకుంది.

అది మొదలు ప్రతి ఆదివారం ఆయన నన్ను ఆపి అడిగేవారు. "అమ్మాయ్, డెసిషన్ తీసుకున్నావా?"

"నేను తీసుకునేది కాదు తాతగారూ, వాళ్ళివ్వాలి."

"తప్పు. అది ఎవరో ఇచ్చేది కాదు. నువ్వే తీసుకోవాలి."

నాకు ధైర్యం నూరిపోస్తున్నారనుకున్నాను.

డిసెంబరులో ఒక సాయంత్రం, ఇండియన్ స్టోరు పార్కింగ్ లాట్‌లో, కారు వెనక సీట్లో ఫోన్‌లో పోర్టల్ తెరిచాను. డిఫర్డ్ అని ఉంది. ఔననలేదు, కాదనలేదు, మార్చి దాకా ఆగమన్నారు. "రిజెక్ట్ అయితే చెయ్యలేదుగా అమ్మా" అన్నారు నాన్న, మెంతికూర సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఆ వారం సంఘంలో అమ్మ దిగాలుగా, డెసిషన్ వాయిదా పడిందండీ అని చెప్పింది. తాతగారు నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టారు.

"వాక్యంలో ఒక అధిపతి ఉన్నాడు కదమ్మా. అంతా విని, ఇప్పటికి వెళ్ళు, వీలు చూసుకుని కబురు చేస్తానన్నాడు. ఆ వీలు మళ్ళీ వచ్చిందా?"

"రాలేదు తాతగారూ" అన్నాను. యూనివర్సిటీ ఉత్తరం కూడా ఇంచుమించు ఆ అధిపతి ధోరణిలోనే ఉంది. పెద్దాయన ప్రవచనం చెప్పేశారు, ఇక సీటు రాదు అని తేల్చుకున్నాను. క్రిస్మస్ కేకు కూడా నోటికి సహించలేదు (రెండో ముక్క దగ్గర ఆపేశాను).

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బులెటిన్ తెరిస్తే, వచ్చే వారం బాప్తిస్మం తీసుకోబోయేవారు అన్న శీర్షిక కింద రెండు పేర్లున్నాయి. రెండోది నాది. అమ్మా నాన్నా నేనూ కలిసి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఆశ్చర్యపోయి, మూడు నెలలుగా అమ్మాయి డెసిషన్ కోసం తాతగారు శుక్రవారం ఉపవాసాలు ఉంటున్నారనీ, ఇంకెంతకాలం వాయిదా, పేరు వేసి చూద్దామని ఆయనే ఇచ్చారనీ చెప్పారు. అప్పుడు వెలిగింది. తాతగారి కాలంలో సువార్త కూటాల చివర ప్రభువును అంగీకరించినవాళ్ళ చేత డెసిషన్ కార్డులు నింపించేవారు. ఆయనకు తెలిసిన డెసిషన్ అదొక్కటే. నాన్న నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయారు. అమ్మ బులెటిన్‌తో మొహం కప్పుకుంది.

పొరపాటైతే పేరు తీసేద్దాం, ఇందులో బలవంతం లేదు అన్నారు పాస్టరుగారు. హమ్మయ్య అనుకోవాల్సింది. కానీ హాలు అవతలి నుంచి తాతగారు నన్ను చూసి నవ్వుతున్నారు. అప్పుడు అర్థమైంది ఆ అధిపతి యూనివర్సిటీ కాదని. వీలు చూసుకుని కబురు చేస్తానన్నది నేను. నన్ను డిఫర్ చేశారని రెండు నెలలు ఏడ్చినదాన్ని, రెండేళ్ళుగా దేవుణ్ణి డిఫర్ చేస్తున్నాను. పైగా సీటు లంచం అడిగాను.

"పేరు ఉంచండి పాస్టరుగారూ" అన్నాను. "మార్చి దాకా ఆగొద్దు."

ఆ వారమే బాప్తిస్మం తొట్టి హీటరు పాడైంది. ఒప్పుకోలు చెప్పేటప్పుడు నా పళ్ళు టకటకలాడుతుంటే, పరిశుద్ధాత్మ కదలిక అని వెనక వరసలో ఎవరో అన్నారట. నీళ్ళలోంచి లేచాక మాత్రం, నాలుగు నెలల తర్వాత మొదటిసారి, పోర్టల్ చూడాలనిపించలేదు. ఆకలేసింది.

మార్చి చివర సీటొచ్చింది. ఆదివారం ఫోన్ పట్టుకుని తాతగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన వినికిడి మిషన్ సర్దుకుని రెండుసార్లు చెప్పించుకున్నారు. నోట్‌బుక్ ముందుకీ వెనక్కీ తిప్పి, తప్పు చేసినవారిలా నా వైపు చూశారు. "యూనివర్సిటీయా? నాకెవరూ చెప్పలేదే. దీని కోసం నేను ఒక్క రోజు కూడా ప్రార్థన చెయ్యలేదమ్మా." పెన్ను తీసి, ఆ మనవి కొత్తగా ఒక గీత మీద రాసి, వెంటనే పక్కన ఎర్ర టిక్కు పెట్టారు. ఆ పుస్తకంలో అంత త్వరగా నెరవేరిన మనవి మరొకటి ఉండదు.

తాతగారు ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. వెళ్ళేముందు ఆ నోట్‌బుక్ నాకిచ్చారు. ఇప్పుడు మనవులు రాసుకునేది నేను. డిసెంబరు రాగానే పిల్లల తల్లులు వరసగా వచ్చి డెసిషన్, డెసిషన్ అంటారు. ఏ డెసిషనో అడగకుండానే రాసుకుంటాను, కారు వెనక సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటూ. ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ఆ పిల్లల కోసం నాతో కలిసి ప్రార్థించండి. పూర్తి వివరాలు మనకు తెలియకపోయినా ఫరవాలేదు. ఆయనకు తెలుసు.