పంపించేయమన్న తుపాకీ

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. నాకు సంతకం చేయడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పలేకే మీకు చెబుతున్నాను.

మా ఆయన తుపాకీ పేలి చనిపోయాడు. ప్రమాదం అన్నారు. తప్పు బాబాది అన్నారు. బాబా అంటే నేను పనిచేసిన ఇంటి పెద్దాయన, అరబ్బు మనిషి. రాస్ అల్ ఖైమాలో కొండల వైపు వాళ్ల ఇల్లు. నేను ఆ ఇంట్లో కద్దామాని, అంటే పనిమనిషిని, మా ఆయన డ్రైవరు. గోదావరి నుంచి ఇద్దరం కలిసే వెళ్లాం. పెరట్లో మాకో గది ఇచ్చారు. ఇంటి చుట్టూ కెమెరాలు ఉండేవి, మా గదిలో మాత్రం లేవు. అందుకే ఆయన గదిలోనే కొట్టేవాడు. బట్ట కప్పే చోట చూసుకుని కొట్టేవాడు. అరిస్తే నోట్లో తువ్వాలు కుక్కేవాడు.

వచ్చినవాళ్లతో బాబా కూర్చునే గది, మజ్లిస్ అంటారు, దాని గోడకు తొమ్మిది తుపాకులు ఉండేవి. వాటిని తుడిచే పని నాది. తుడవడం ఆయనే నేర్పారు. మొదట వెనకనున్న ఇనుప పిడి లాగాలి, లోపలికి చూడాలి, ఖాళీ అని తెలిశాకే నూనె గుడ్డ పట్టాలి. లోపల తూటా ఉండగా పిడి మూస్తే అది పేలడానికి కూర్చున్నట్టేనని రెండు చేతులతో చేసి చూపించారు. కొడుకులకు కూడా అంత ఓపికగా నేర్పి ఉండరు.

మజ్లిస్‌లో ఎవరూ లేనప్పుడు మా ఆయన లోపలికి వచ్చేవాడు. ఒక తుపాకీ దించి నా నుదుటికి ఆనించి మీట నొక్కేవాడు. టక్కుమనేది. నా కాళ్లు తడిసిపోయేవి.

"ఏంటే, అప్పుడే సచ్చిపోయావా? మరి నాకు కూరెవత్తె వండుద్దే?" అని నవ్వేవాడు.

ఒక ఏడాది, ఇంట్లో తుపాకులున్నవాళ్లు వాటిని పోలీసుల దగ్గర రాయించుకోవాలని, అక్కర్లేనివి అప్పగించవచ్చని కబురు వచ్చింది. పెద్దకొడుకు ఒకటి చాలన్నాడు. బాబాకు మనసొప్పలేదు. అన్నీ తివాచీ మీద పరిపించుకుని కూర్చునేవారు. ఉంచుకునేవి కుడివైపు, పంపించేవి ఎడమవైపు. పొద్దున కుడివైపు ఐదుంటే మధ్యాహ్నానికి రెండయ్యేవి, మళ్లీ నాలుగయ్యేవి. ఒకటి వాళ్ల నాన్నది. ఒకటి కొండ మీద మేకల దొడ్డికి నక్కలు వస్తే కాల్చేది. ఒకటి పెళ్లిళ్లలో కుర్రాళ్లు ఆడుతూ పైకి ఎగరేసి పట్టుకునేది, గాల్లోకి కాల్చేది. ప్రతిదానికీ ఒక కథ ఉంది. ఏది తీసినా మనిషిని బయటికి పంపుతున్నట్టు ఆయన మొహం మారిపోయేది.

ఒకసారి నన్ను అడిగారు. ఆయనది అరబ్బీ, నాది వంటింటి అరబ్బీ, మధ్యలో హిందీ.

"మీ ఊళ్లో, మీ ఇంట్లో కత్తులెన్ని?"

"ఒక్క కత్తిపీటే బాబా."

"ఒక్కటి సరిపోతుందా?"

"కోసేది నేనొక్కదాన్నే కదా బాబా."

ఆయన చాలాసేపు నవ్వారు. ఆ సాయంత్రమే మూడు అని తేల్చారు. నాన్నగారిది, నక్కలది ఖాయం. మూడోది పెళ్లి తుపాకీయా, ఇంకొక పొట్టిదా అన్నది తేలలేదు. మర్నాడు ఆరు పోవాలి.

ఆ మర్నాడు పొద్దున మా ఆయన నా చిటికెన వేలు వెనక్కి విరిచాడు. ఆయనకు తిండి పెట్టకుండా మా చెల్లి ఫోను ఎత్తానని. ఎముక చప్పుడు నాకు వినిపించింది. వేలికి గుడ్డ చుట్టుకుని మజ్లిస్‌లోకి వెళ్లి, తుపాకులు ఒక్కోటీ తెరిచి చూసి తుడిచాను. పెళ్లి తుపాకీ పిడి లాగితే లోపల ఇత్తడి మెరిసింది. మనవడి పెళ్లిలో కాల్చాక మిగిలిపోయిన తూటా. బాబా మరిచిపోయారు.

పిలుద్దామని నోరు తెరిచాను. అది నిజం. బయట మా ఆయన పికప్ కడుగుతూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల విన్నాను. పిడి మూసేశాను.

బాబా వచ్చి పెళ్లి తుపాకీ చేతిలోకి తీసుకున్నారు. "ఇది ఉంచనా, పంపనా? నువ్వే చెప్పు."

"పంపించేయండి బాబా."

"అన్నీ చూశావా? ఖాలీయేనా?"

"ఖాలీ బాబా."

ఆ ఆరూ బండిలో తీసుకెళ్లేది మా ఆయనే. వాడు ఏదో ఒకటి చేస్తాడని నాకు తెలుసు. తుపాకీ చేతికొస్తే ఆడకుండా ఉండలేడు. నా నుదుటికే పెడతాడు, చచ్చేది నేనే, ఎలాగైనా ఒకరితో తేలిపోతుంది అనుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ వేళ నేను పికప్‌కు దూరంగా, వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చావాలనుకున్నదాన్నయితే అంత దూరంగా ఎందుకు నిలబడతాను?

ఆరింటినీ దుప్పట్లలో చుట్టి బండిలో పెట్టారు. పొడుగువి అడుగున ఉండాలి, తీసి సర్దమని పెద్దకొడుకు లోపల్నుంచి కేకేశాడు. "యల్లా, యల్లా" అని వాళ్ల తొందర మాటనే వెటకారంగా గొణుక్కుంటూ మా ఆయన దుప్పటిలోంచి పెళ్లి తుపాకీ గొట్టం పట్టుకుని తనవైపు లాగాడు. మీట దుప్పటికి తగులుకుందేమో. పేలింది. కొండకు తగిలి ఆ చప్పుడు మళ్లీ వచ్చింది. ఆయన చక్రానికి జారబడి కూర్చున్నాడు. పొట్ట పట్టుకున్న వేళ్ల సందుల్లోంచి రక్తం నల్లగా, ముద్దగా వస్తోంది. లోపలివి కూడా వస్తున్నాయి. వాటిని చేత్తో లోపలికి తోసుకుంటున్నాడు. నా వైపు చూసి నీళ్లన్నాడు.

వంటింట్లోకి వెళ్లాను. శుభ్రంగా ఉన్న గ్లాసునే తీసి కడిగాను. మళ్లీ కడిగాను. నీళ్లు తీసుకుని వచ్చేసరికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషి లేడు. నాకు ఏడుపు రాలేదు. చూసినవాళ్లు షాక్ అనుకున్నారు.

పోలీసు అడిగాడు, తుపాకీ తెరిచి చూశావా అని. నాకు తెరవడం రాదు, తుడవడమే తెలుసు అన్నాను. బాబా తల తిప్పి నన్ను చూశారు. ఎంతసేపు చూశారో. తరువాత పోలీసుతో, "నిజమే, ఆమెకు నేనెప్పుడూ నేర్పలేదు" అన్నారు.

ఎందుకు అబద్ధమాడారు? చూసుకోలేదు, భయపడింది పాపం అనుకున్నారా? లేక అంతా తెలిసిందా? నా వేలికున్న గుడ్డ ఆయన చూసే ఉంటారు. ఈ ప్రశ్న దగ్గరే నా నిద్ర ఆగిపోతుంది.

అక్కడ మనిషి పోతే పోయినవాళ్ల ఇంటివాళ్లు క్షమించవచ్చు. క్షమిస్తే శిక్ష తగ్గుతుంది. బాబా నా గది దగ్గరికి వచ్చారు. తల మీద గుడ్డ కూడా లేకుండా నేల మీద కూర్చున్నారు. "బింతీ, ముసలితనం, మరిచిపోయాను. నీ మనిషిని నేను చంపాను. నన్ను క్షమిస్తావా?" అని అడిగారు. బింతీ అంటే నా కూతురా అని.

క్షమించాను బాబా అన్నాను. కాగితం మీద సంతకం చేశాను. ఉంచుకుందామనుకున్న మూడింటినీ కూడా ఆయన పంపించేశారు. మూడు కాదు, ఒక్కటి కూడా ఎక్కువేనన్నారట కొడుకుతో. నేను షార్జా వచ్చేశాను. రోలాలో ఇళ్ల పని చేసుకుంటున్నాను.

మొన్న పెద్దకొడుకు ఫోను చేశాడు. బాబా పోయారట. పోయే ముందు, ఆమెను ఇంకొకసారి అడుగు, నిజంగా క్షమించిందో లేదో అన్నారట. ఫోను చెవి దగ్గరే ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి వేళ లేదు. నేను మళ్లీ, క్షమించాను అన్నాను. ఆయన చచ్చిపోయాక కూడా క్షమించాను. నేనెవరిని ఆయన్ని క్షమించడానికి?

మీరు నన్ను ఏమనుకున్నా పడతాను. మంచిదానివని మాత్రం అనకండి. నన్ను కొట్టినవాడు పోయాడని నాకిప్పటికీ బాధ లేదు, అది కూడా రాయించాను. బాబా ఎవరినీ చంపలేదు. తూటా చూసింది నేను. ఖాలీ అన్నది నేను.

చెప్పేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.