వీధిలో బొడ్డు దాకా, ట్రాక్ మీద నెత్తి దాకా

మా మావయ్య చెయ్యి మా మావయ్య మాట వినదు. ఎక్కడ ఇంజన్ మోగినా ఆయన అరచెయ్యి మోకాలి మీంచి దానంతట అదే లేస్తుంది. ఇంజన్ గొంతు పెరిగేకొద్దీ పైకి పోతుంది. బొడ్డు దగ్గరకి రాగానే ఠపీమని మళ్లీ మోకాలి మీద పడుతుంది. అంటే ఇక గేరు మార్చమని అర్థం. వయసులో ఉండగా ఆయన రేసు కార్లు తోలాడు. ఇప్పుడు మందుల కంపెనీ వ్యాను తోలుతున్నాడు. రెంటికీ తేడా ఏమిటని అడిగితే ఒకటే ముక్క చెబుతాడు.

"వీధిలో బొడ్డు దాకా, ట్రాక్ మీద నెత్తి దాకా."

విడమర్చి చెప్పమంటే మాత్రం మన పని అయిపోయినట్టే. "ట్రాక్ మీద ఇంజన్ని గొంతు చించుకోనిచ్చి అప్పుడు మార్చాలి. ముందే మార్చావనుకో, వెనకవాడు దాటేసి పోతాడు. వీధిలో దాన్ని అసలు అరవనివ్వకూడదు. అరిస్తే పెట్రోలూ దండగే, పక్కింటివాళ్ల నిద్రా దండగే. ఇంకోటి, మలుపు రాకముందే గేరు తగ్గించుకోవాలి. మలుపులోకి దూరాక తగ్గించేవాడు తడిసిపోయాక గొడుగు వెతుక్కునే రకం."

బస్సెక్కితే ఆయనకి డ్రైవరు వెనక సీటే కావాలి. ఒకసారి ఆ లేచిన చెయ్యిని అద్దంలో చూసి డ్రైవరు బస్సాపాడు.

"దిగండి."

"నేనిక్కడ దిగను."

"మరి చెయ్యెందుకెత్తారు?"

"మూడో గేరు వెయ్యమని."

డ్రైవరు ఆయన్ని అక్కడే దింపేశాడు. మావయ్య కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి, "కుర్రాడు మంచివాడే పాపం, రెండో గేరులో కాస్త బద్ధకిస్తాడు," అన్నాడు.

పళ్ల డాక్టరు దగ్గర ఇంకా ఘోరం. డ్రిల్లు మోగింది, చెయ్యి లేచింది. నొప్పేమోనని డాక్టరు ఆపేశాడు, చెయ్యి దిగింది. మళ్లీ మొదలెడితే మళ్లీ లేచింది. చివరికి డాక్టరు ఆ చెయ్యిని నర్సుకి అప్పగించి పన్ను పని ముగించాడు.

ఇంట్లో అత్తయ్య గొంతు లేచినా ఇదే వరస. బొడ్డు దగ్గర ఆయన చెయ్యి కనపడిందంటే ఆవిడ, "నేనివాళ ట్రాక్ మీదున్నాను," అంటుంది. చెయ్యి బుద్ధిగా నెత్తి దాకా పోతుంది.

ఇలా ఉండగా మా చెల్లికి ఉద్యోగం వచ్చింది. చెల్లికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మా ఇంట్లో మాటలు సగం చేతులతోనే నడుస్తాయి. మొక్కలమ్మే తోటలో పని, కుండీలు వ్యానులో ఎక్కించి ఇళ్లకి చేర్చాలి. మట్టి కనపడితే ఒళ్లు తెలియని పిల్ల అది, ఎగిరి గంతేసింది. కానీ లైసెన్సు వస్తేనే ఉద్యోగం. పరీక్షకెళ్లి, మైదానమంతా మొదటి గేరులోనే తిప్పింది. ఇంజన్ లబోదిబోమంది. పక్కనున్న ఇన్‌స్పెక్టరు చెవులు మూసుకున్నాడు.

"గేరు మార్చే వేళ చెవితోనే తెలియాలండీ. ఈ అమ్మాయి వల్ల కాదు," అని డ్రైవింగ్ నేర్పే మాస్టారు చేతులెత్తేశాడు. ఇంకొక్క పరీక్ష వరకే ఆగుతానని తోట యజమానురాలు కబురు పెట్టింది. చెల్లి గది తలుపేసుకుంది.

మావయ్య వచ్చి దాన్ని బయటికి లాక్కొచ్చి, నేర్చుకునే కారు చూపించమన్నాడు. తలుపు తీయగానే ఆయన కంట పడింది డ్రైవరు సీటు మీది లావుపాటి దిండు.

"ఇదేంటయ్యా?"

"అమ్మాయి పొట్టి కదండీ. అది లేకపోతే రోడ్డు కనపడదు," అన్నాడు మాస్టారు.

"ఇంజన్‌కీ పిల్లకీ మధ్య పరుపేసి, గేరు తెలియట్లేదంటావా?"

చెల్లి గబగబా చేతులు తిప్పింది. మావయ్య వ్యానులో సీటు వణుకు నడుములోంచి పైకి పాకుతుందట. అది బొడ్డు దగ్గరకి రావడం, మావయ్య చెయ్యి పడటం ఒకేసారి జరుగుతాయట. ఈ దిండు మీద మాత్రం మంచం మీద కూర్చున్నట్టే ఉందట.

పరీక్ష రోజు పొద్దున అత్తయ్య వంటిల్లంతా గాలించింది. "కూరగాయలు తరిగే లావుపాటి చెక్క ఏమైందో, నిన్నటి నుంచీ కనపడట్లేదు." మావయ్య అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు.

మైదానం పక్క బెంచీ మీద మావయ్యా, అత్తయ్యా, నేనూ కూర్చున్నాం. కారు కదిలింది. ఆయన చెయ్యీ లేచింది. అసలే పరీక్ష కంగారు, పైగా ఈ చెయ్యి గోల.

"అత్తయ్యా, ఈయన రేసుల్లో కూడా ఇలాగే చేసేవాడా?"

"అబ్బే, అప్పుడెక్కడిది! మీ చెల్లి చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చుని, ఏం చూసి గేరు మారుస్తావని అడిగింది. ఇంజన్ పాడుతుందే పిల్లా, ఆ పాట ఇదిగో ఇలా లేస్తుంది అని చూపించాడు. దానికి తెగ నచ్చేసింది. అది పక్కన లేనప్పుడు చెయ్యకపోతే అలవాటు తప్పుతుందని భయం ఈయనకి. ఎత్తిన చెయ్యి ఇంతవరకూ దించలేదు."

మావయ్య ఇదేమీ వినడం లేదు. కారు రెండో గేరులో పడింది, తరవాత మూడో గేరులో. మలుపుకి ముందే తగ్గింది.

"నా చెయ్యి ఇంకా బొడ్డుకి రానే లేదురా, అదే ముందు మార్చేస్తోంది," అన్నాడు మావయ్య. ఆయన కళ్లు చెమర్చాయి.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. ఉద్యోగం ఖాయం. మాస్టారు సరేననడంతో ఆ కారులోనే చెల్లి మమ్మల్ని ఇంటికి తీసుకెళుతోంది. మావయ్య దాని పక్కన, అత్తయ్యా నేనూ వెనక.

"ఇక చెయ్యి దించు, నొప్పెడుతుంది," అని ఎర్ర లైటు దగ్గర చెల్లి చేతులతో చెప్పింది. ఆయన బుద్ధిగా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. కారు హాయిగా సాగుతోంది. ఇంతలో అత్తయ్య ముందుకి వంగి చూసింది.

"ఇదేంటి, ఉల్లిపాయల వాసన? ఏమయ్యా, పిల్ల కింద ఉన్నది నా చెక్క కాదూ? ఊరంతా వెతికాను కదయ్యా..."

అత్తయ్య గొంతు పెరిగింది. మావయ్య చెయ్యి లేచింది, బొడ్డు దగ్గర ఠపీమని పడింది. అది ఓరకంట చూసిన చెల్లి, చిన్నప్పటి నమ్మకంతో, టక్కున గేరు మార్చేసింది. కారు దగ్గి, ఎగిరి, నడిరోడ్డు మీద ఆగిపోయింది.

చెల్లి మావయ్య వైపు గుర్రుగా చూసింది.

"గేరుకి కాదే తల్లీ," అని చేతులు తిప్పి ఆయన వెనక్కి వేలు చూపించాడు, "మీ అత్తయ్యకి."