హారన్ కొడితే బయటికి రాని మా పక్కింటి ఆంటీ

పోయిన ఆదివారం మా పక్కింటి ఆంటీ చనిపోయింది. ప్రతి శుక్రవారం ఆవిడ కోసం వచ్చే ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. "తన ఇంట్లో, తన మంచం మీదే వెళ్ళిపోయింది," అన్నాడు.

ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను అద్దెకు దిగిన రోజు నుంచీ ఆవిడ నాకు ఆంటీయే. నల్లజాతి మనిషి. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైంది. విడాకులయ్యాక సొంత సంపాదనతో ఆ ఇల్లు కొనుక్కుంది. ఇంటి చూరు గట్టర్లలో ఆకులు తనే తీసుకునేది, వాకిట్లో మంచు తనే తోసుకునేది. సాయం చేయబోతే కసిరేది. అంతటి మనిషీ శుక్రవారం సాయంత్రం మాత్రం ఆయనతో బయటికి వెళ్ళడానికి ముస్తాబై, కోటు తొడుక్కుని, హాల్లో బుద్ధిగా కూర్చునేది. ఆయన తన ఇంటి నుంచి వచ్చి బెల్ కొట్టాలి, కారు తలుపు తీసి పట్టుకోవాలి. ఒకసారి చలికి బద్ధకించి ఆయన కార్లోంచే హారన్ కొట్టాడు. ఆవిడ కదిలితే ఒట్టు. "హారన్‌కి కదిలేవి ముందున్న కార్లు. నేను కాదు," అంది నాతో. ఆవిడ ఇంగ్లీషులో అన్నవి నా తెలుగులో రాస్తున్నాను. ఆ దర్జా మాత్రం నా తెలుగులోకి రావడం లేదు.

మా అమ్మ వచ్చినప్పుడు వాళ్ళను చూసి ముచ్చటపడింది. వరలక్ష్మీ వ్రతం రోజు ఇద్దరినీ పిలిచి, పక్కపక్కన నిలబెట్టి, ఆవిడకి చీరా ఆయనకి చొక్కా పెట్టింది. మొగుడూ పెళ్ళాలకే అలా పెడతారని నేను చెప్పగానే ఆంటీ పగలబడి నవ్వింది. చీర చంకన పెట్టుకుని, చొక్కా ఆయన చేతిలో పెట్టి, "ఇది నీ ఇంటికి పట్టుకెళ్ళు. నా క్లోజెట్‌లో చోటు లేదు," అంది.

అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "మొగుడు కాకపోతే ఆయన ఏమవుతాడే ఆవిడకి?" అని అడిగింది. బాయ్‌ఫ్రెండ్ అని చెప్పాను. "ఈ వయసులోనా!" అని బుగ్గలు నొక్కుకుంది కానీ, వెళ్ళేటప్పుడు ఇద్దరికీ లడ్డూలు కట్టి ఇచ్చింది.

నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఆవిడ పోర్చ్‌లో కూర్చుని తెగ మాట్లాడేదాన్ని. ఒకసారి అంది: "ఎవరూ వెళ్ళగొట్టలేని ఇల్లు సంపాదించుకోమని మా అమ్మ నేర్పింది, బేబీ. ఎవరైనా ప్రేమగా చూసుకోబోతే ఎలా చూసుకోనివ్వాలో మాత్రం నేర్పలేదు. పాపం, ఆవిడకీ తెలీదు. నల్లజాతి ఆడవాళ్ళు గట్టివాళ్ళని అందరూ మెచ్చుకుంటారు. గట్టివాళ్ళు కదా అని వదిలేసి పోతారు."

కిందటేడాది జబ్బు బయటపడింది. ఆయన వచ్చి ఆవిడ ఇంట్లోనే ఉంటానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. నాకు కోపమొచ్చి, "ఎందుకింత పంతం ఆంటీ?" అని అడిగేశాను. "అతను నన్ను చూసి ఇప్పటికీ టై సర్దుకుంటాడు," అంది. "ఇక్కడే ఉంటే రేపు మందులిస్తాడు, దుప్పట్లు మారుస్తాడు. నేను అతనికి పేషెంట్‌నైపోతే, ఇక ఈ నేను ఎక్కడుంటాను?" ఆవిడ భయం అర్థమై దుఃఖమొచ్చింది.

చలికాలం వచ్చేసరికి ఆవిడ చేతులు పైకి లేవడం మానేశాయి. ఒక మధ్యాహ్నం చారు పట్టుకుని వెళ్తే తలుపు ఓరగా తీసి ఉంది. ఆంటీ పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. వెనక సోఫాలో ఆయన, చొక్కా చేతులు మడిచి, వెడల్పు పళ్ళ దువ్వెనతో ఆవిడ జుట్టు చిక్కు తీస్తున్నాడు. పక్కన నూనె సీసా.

"కొసల నుంచి మొదలుపెట్టు. అది జుట్టు, తాడు కాదు."

"యెస్ మేడమ్."

"జడ వంకరగా వస్తోందా?"

"కాస్త. నీకు బాగానే ఉంది."

ఆవిడ కిసుక్కున నవ్వింది. ఏ శుక్రవారమూ అంత అందంగా కనిపించలేదు నాకు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

జడ అల్లడం పూర్తయింది. ఆయన దువ్వెన పక్కన పెట్టబోయాడు. ఆంటీ కళ్ళు తెరవకుండానే తల ఆయన మోకాలికి ఆనించి, "అప్పుడే ఆపకు," అంది. "ఇంకాసేపు."

ఆయన ఆ జడ మెల్లగా విప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.